పూంగావనం పేర్చిన ఓడలు

ముందు నా తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. 2003లో యానాం నుంచి పుదుచ్చేరి సచివాలయానికి బదిలీ మీద వచ్చినప్పుడు, అక్కడి ఉప్పళం పేటలో నాకు మేడమీద గది అద్దెకిచ్చినావిడ తెలుగు విని నవ్వు ఆపుకోలేక చచ్చాను. "యాడినించి వస్తా ఉండావు పాపా? కూడు తినినావా? సుమ్మా నిలబడుకోని ఉండావే, కూర్చో" అంది. సుమ్మా అంటే ఊరికేనట. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన దాన్ని కదా, భాషకి నేనే హక్కుదారునన్న పొగరు. ఆ వారమే అమ్మమ్మకి ఫోన్ చేసి, ఆవిడ మాటలు యథాతథంగా అనుకరించి చూపించాను. అమ్మమ్మ నవ్వలేదు. "ఏం, బానే మాట్టాడింది కదే" అంది.

ఆవిడ పేరు పూంగావనం. అప్పటికి అరవై ఏళ్ళు. సన్నగా, పొట్టిగా, నడకలో మాత్రం ఎవరికీ దారివ్వని మనిషి. వాళ్ళవాళ్ళు ఈ ఊరొచ్చి మూడు నాలుగు వందల ఏళ్ళయిందట. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. సరుకుల చీటీ తెలుగే, రాసేది తమిళ అక్షరాల్లో. వాళ్ళమ్మ రాసిన ఉత్తరాలూ అంతే. తమిళులు ఆ ఉత్తరం చదవగలరు గానీ అర్థం కాదు. నాలాంటివాళ్ళకి అర్థమవుతుంది గానీ చదవలేం. నేను ముక్కున వేలేసుకుంటే ఆవిడ ఒక్క మాటతో నా నోరు మూయించింది. "అన్నం ఆకులో తింటే ఏంది, గిన్నెలో తింటే ఏంది? ఆకలి తీరల్ల, అంతే."

పూంగావనం పిన్నిగారు కంపోజిటరు. నేను 'గారు' అన్నప్పుడల్లా వెనక్కి తిరిగి చూసేది, ఇంకెవరినో పిలిచాననుకుని. పద్దెనిమిదో ఏట ఉప్పళంలోనే ఒక అచ్చాఫీసులో చేరి ముప్ఫై మూడేళ్ళు నిలబడే పనిచేసింది. గళ్ళపెట్టెలోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, ఎడమచేతిలో స్టిక్కు అనే లోహపు పట్టీలో వరసగా పేర్చాలి. అక్షరాలన్నీ తలకిందులుగా, అద్దంలో చూసినట్టు ఉంటాయి. అచ్చు పడ్డాకే మనిషి చదివేలా అవుతాయి. అలా పేర్చి పేర్చి, ఏ కాగితాన్ని ఎటు తిప్పి పెట్టినా గడగడా చదివేసేది. కంప్యూటర్లు వచ్చి అచ్చాఫీసు మూతపడ్డాక ఆ విద్యతో ఎవరికీ పనిలేకుండా పోయింది. లేకుండా పోయిందనే మేమంతా అనుకున్నాం.

ఆవిడ పేర్చినవాటిలో పెళ్ళిపత్రికలు, సినిమా కరపత్రాలు, ఓటరు జాబితాలు ఎన్నో. తనదని చెప్పుకున్నది మాత్రం ఒక్కటే. అది 'తిరుంబాద కప్పల్గళ్', అంటే తిరిగిరాని ఓడలు. 1964 నుంచి పదకొండేళ్ళు, ఆ అచ్చాఫీసులోనే అచ్చయ్యే ఒక తమిళ వారపత్రికలో ధారావాహికగా వచ్చి, తర్వాత ఐదు సంపుటాలైన నవల. అంతరిక్షం, గ్రహాలు, వందల ఏళ్ళ ప్రయాణం. రాసినాయన పట్టాభిరామన్, కోర్టులో గుమాస్తా. ఆయనదీ తెలుగిల్లే. చెన్నై దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. కథేమిటంటే, నీటికి కరువొచ్చిన ఒక గ్రహానికి ఒక కంపెనీ వస్తుంది. వేరే గ్రహంలో పని ఉంది, ఐదేళ్ళే, వేలిముద్ర వేయండంటుంది. జనం వేసి ఓడెక్కుతారు. అక్కడికెళ్ళాక తెలుస్తుంది, ఆ గ్రహం తన సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరగడానికి మన లెక్కలో అరవై ఏళ్ళు పడుతుందని. ఐదేళ్ళంటే మూడు వందల ఏళ్ళు. ఇంటి దగ్గర ఆడవాళ్ళు పోయినవాళ్ళ గిన్నెలు బోర్లించి పెట్టుకుని తరాల తరబడి ఎదురుచూస్తారు. ఓడలోవాళ్ళకి ఓ ప్రత్యేకమైన భాష, ఆ భాషలో పాటలు. వారపత్రిక కోసం జనం బస్టాండులో కాచుకుని ఉండేవాళ్ళట.

ఐదో సంపుటం వచ్చిన కొత్తలో ఎవరో పత్రికకి ఉత్తరం రాశారు, ఇదంతా ఏదో ఫ్రెంచి నవల నుంచి ఎత్తేసిందని. ఏ నవలో రాయలేదు. రాయనక్కర్లేదు కదా, బురద చల్లేవాడికి బురద ఏ చెరువుదో ఎవరడుగుతారు. పట్టాభిరామన్ కి ఫ్రెంచి వచ్చు. అది చాలింది. పుస్తకం మళ్ళీ అచ్చు కాలేదు. ఆయన తర్వాత ఒక్క కథా రాయలేదు, 1981లో పోయాడు. చేతిరాతలన్నీ చెదలపాలు.

2006 జూన్ లో ఒక శనివారం ముకుందన్ అనే ప్రొఫెసరు వచ్చాడు. ఢిల్లీలో పుట్టి పెరిగిన తమిళుడు, నలభై అయిదేళ్ళుంటాయి, మర్యాదస్థుడు. ఐదు సంపుటాలూ మళ్ళీ అచ్చవుతున్నాయని, ముందుమాట తనదేనని చెప్పాడు. పాత అచ్చాఫీసు సంగతులేమైనా చెబుతారా అని అడిగాడు. పిన్నిగారి మొహం చూడాలి. కొత్త చీర కట్టుకున్నట్టు వెలిగిపోయింది. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన తన కాగితాలు తనవైపు తిప్పి బల్లమీద పెట్టుకున్నాడు. రెండు నిమిషాలకి ఆవిడ మొహంలో వెలుగు ఆరిపోయింది.

"ఇదేంది, 'ఫ్రెంచి మూలానికి అనుసరణ' అని రాసుండావు?" అంది. తమిళంలో జరిగిన మాటలివి, నాకొచ్చిన తెలుగులో చెబుతున్నాను.

ఆయన ఉలిక్కిపడి కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత దాచలేదు. ఓపిగ్గానే వివరించాడు. ఒప్పందం మీద మనుషుల్ని ఓడల్లో తోలడం రోమను చరిత్ర నుంచి, బోర్లించిన గిన్నె ఐరోపా శవసంస్కారం నుంచి, సముద్రయానం ఫ్రెంచి నవలల నుంచి వచ్చాయట. అన్నిటికంటే ముఖ్యం ఓడ భాష. గ్రహాంతరవాసుల కోసం ఒక కొత్త భాషనే సృష్టించడం పాశ్చాత్య పద్ధతి అట. "ఆ భాషకి నేను వ్యాకరణం రాశాను. ఇరవై మూడు పేజీలు. అద్భుతమైన కల్పన. ఒక కోర్టు గుమాస్తాకి ఇదంతా సొంతంగా ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి?"

పిన్నిగారు ఆయన కాగితం మీదికి వంగింది. "ఏ భాష?" అంది.

ఆయన తమిళ అక్షరాల్లో ఉన్న రెండు లైన్లు వేలుపెట్టి చదివాడు. తమిళంలో క-కీ గ-కీ ఒకటే అక్షరం కాబట్టి, తెలియనివాడు చదివితే నిజంగానే ఏ శుక్రగ్రహం నుంచో దిగినట్టుంది. పిన్నిగారు అవే లైన్లు రాగంతో అంది.

"ఓడమీద పోయినోడా, ఒడ్డు కానరాదా
ఉప్పునీళ్ళ నడుమ నీకు ఊరు కానరాదా"

ఆ పాట నాకు తెలుసు. మా అమ్మమ్మ యానాంలో గిన్నెలు సర్దుతూ కూనిరాగం తీసేది అదే. తర్వాత లైన్లు ఎంత తడుముకున్నా నాకు గుర్తురాలేదు.

"ఇది మా ఇంటి పేచ్చు, సామీ" అంది పిన్నిగారు. "మేము రోజూ మాట్లాడేది. నలభై ఏండ్లుగా అందరికీ తెలుసనుకుంటా ఉండా."

ప్రొఫెసరు నమ్మలేదు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆదివారం ఊళ్ళోనే నెల్లితోపులో సభ ఉంది, సోమవారం పుస్తకం అచ్చుకి వెళుతుంది, రుజువుంటే సభలో చూపించండి, మార్చేస్తాను, లేకపోతే ముందుమాట అలాగే వెళుతుంది అని లేచాడు. ఆయన వెళ్ళాక పిన్నిగారికి కోపం వచ్చింది. ఆ మూడేళ్ళలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

"పట్టాభిరామన్ అన్న దొంగ కాదు" అంది. "దొంగ ఎవురైనా ఉంటే నేనుదా, మా అవ్వ కతలు తెచ్చి ఇచ్చినదాన్ని. నా నోట్లోనించి తీసుకున్నాడు."

అప్పుడు చెప్పింది, ఎవరికీ ఎప్పుడూ చెప్పని సంగతి. పట్టాభిరామన్ ప్రూఫుల కోసం అచ్చాఫీసులో గంటలకొద్దీ కూర్చునేవాడు. ఆవిడ అక్షరాలు పేరుస్తూ తన అవ్వ చెప్పిన కథలు చెప్పేది. వంద, నూట యాభై ఏళ్ళ కిందట ఈ రేవు నుంచి చెరుకుతోటల దీవులకి ఓడలెక్కిన కూలీల కథలు. ఐదేళ్ళకని వేలిముద్ర వేయించుకున్నారు, చాలామంది తిరిగిరాలేదు. పోయినవాడి గిన్నె కడిగి బోర్లించి పెట్టేవాళ్ళు, వాడొచ్చి తిప్పేదాకా ఎవరూ ముట్టకూడదు. అవ్వ ఆ పాట పాడేది. విని విని ఒకరోజు పట్టాభిరామన్ అన్నాడట, సముద్రం ఇప్పుడు చిన్నదైపోయింది పూంగావనం, ఆ దూరం జనానికి తెలియాలంటే నక్షత్రాల మధ్య పెట్టాలి అని. ఓడలో వాళ్ళు ఏ భాష మాట్లాడాలంటే, ఎక్కినవాళ్ళు ఏ భాషవాళ్ళో అదే అన్నాడట. వాళ్ళలో మనవాళ్ళు ఎంతమందో అని తమిళ అక్షరాల్లో తెలుగు రాసిచ్చాడు. ఆ అచ్చాఫీసులో అది చదివి పేర్చగలిగింది ఈవిడొక్కతే.

"ఇది అప్పుడే ఎందుకు చెప్పలేదు పిన్నిగారూ, ఆ ఉత్తరం వచ్చినప్పుడు?"

"యాడ చెప్పేది? కంపోజింగ్ చేసే ఆడది చెప్తే ఎవురు వింటారు?" అంది పిన్నిగారు. "మా అవ్వను ఫ్రెంచివాణ్ణి చేసినారు పాపా." నవ్వొచ్చే మాటే. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి, నేను నవ్వలేదు.

సభకి నూట యాభై మంది దాకా వచ్చారు. ప్రొఫెసరు గంటసేపు బాగా మాట్లాడాడు. అభిమానంతోనే మాట్లాడాడు, అదే బాధ. నవలని ఆకాశానికెత్తి, దాని వేళ్ళన్నీ తీసుకెళ్ళి ఐరోపాలో పాతాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. చివర ప్రశ్నలుంటే అడగమన్నారు. ఎస్. పూంగావనం అని పేరు చెప్పి లేచి నిలబడింది పిన్నిగారు. ఓడ పాట పాడింది. హాల్లో అక్కడక్కడా తలలు తిరిగాయి. ఒక ముసలాయన లేచి "ఇది మా ఇంట్లో తెలుగే" అన్నాడు. ఇంకో ఇద్దరు లేచారు. పుస్తకం చదివినప్పుడే మాకు అర్థమయింది, పెద్ద పుస్తకంలో మన ఇంటి మాట ఎందుకుంటుందిలే, మనకే అలా తోచిందేమో అనుకున్నాం అన్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు.

ప్రొఫెసరు మొహం ఎర్రబడింది. అయినా మనిషి తెలివైనవాడు. "తెలుగే అనుకుందాం. పాటని పట్టాభిరామన్ గారే రాసి ఉండొచ్చు కదా? నవలకంటే ముందే ఈ పాట ఉందని రుజువేమిటి? మీరు అక్షరం అక్షరం పేర్చారు. మీకు కంఠతా రావడం వింతేమీ కాదు" అన్నాడు.

సరైన ప్రశ్నే. హాలంతా పిన్నిగారి వైపు చూసింది.

"పాట నాలుగు లైన్లు" అందావిడ. "నాలుగో వారం పేజీలో చోటు చాల్లేదు. వెనక రెండు లైన్లు నేనే తీసేసినా. అన్న సరి పోనీ అన్నాడు. ఆ రెండూ ఏ పుస్తకంలోనూ లేవు." ఒక కాగితం అడిగి తీసుకుని, ఆ రెండు లైన్లూ రాసి, మడిచి, వేదిక దగ్గరికి నడిచి ప్రొఫెసరు చేతికిచ్చింది. "ఈ పాట తెలిసినోళ్ళు ఇంకెవురైనా ఉంటే వాళ్ళని పాడమను. అప్పుడు విప్పి చూడు."

హాల్లో ఎవరికీ మిగతా లైన్లు రావు. అప్పుడు నేను లేచాను. అమ్మమ్మకి ఎనభై రెండేళ్ళు, పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఆవిడ తడబడితే పిన్నిగారు అందరి ముందూ అబద్ధాలకోరు అవుతుంది, ఆ పాపం నాదే. అయినా చెప్పాను. "మా అమ్మమ్మ యానాంలో ఉంది. చదువు రాదు, తమిళం రాదు, ఈ పుస్తకం పేరు కూడా వినలేదు. ఫోన్ చేస్తాను."

ప్రొఫెసరు ఒప్పుకున్నాడు. ఓడ పాట అని తప్ప ఇంకో ముక్క అనకూడదన్నాడు. నా సెల్ ఫోన్ స్పీకరులో పెట్టి మైకు దగ్గర పట్టుకున్నాను.

"ఏంటే నాగశ్రీ, ఆపీసు లేదా?"

"ఆదివారం అమ్మమ్మా. ఓడ పాట ఒకసారి పాడవే."

"పట్టపగలు ఓడ పాటేంటే? పోయినోళ్ళ పాట అది. తిన్నావా?"

"తిన్నాను. పాడవే."

దగ్గింది. పాడింది. ఓడమీద పోయినోడా, ఒడ్డు కానరాదా. ఉప్పునీళ్ళ నడుమ నీకు ఊరు కానరాదా. అక్కడ ఆగిపోయింది అమ్మమ్మ. నేను కళ్ళు మూసుకున్నాను. ఫోన్లోంచి ఎవరినో కేకేసింది, "ఒసే, మేక మందార మొక్క తినేత్తంది, తోలు." నూట యాభై మంది ఆ మేకని తోలేదాకా కాచుకున్నారు. ఆ తర్వాత, ఏమీ జరగనట్టు, అదే రాగంలో ఎత్తుకుంది.

"బోర్లించిన నీ గిన్నెను ముట్టలేదు నాయనా
వచ్చి నువ్వే తిప్పుకోని కూడు తినర నాయనా"

ప్రొఫెసరు మడత విప్పాడు. ఒక్కో అక్షరం మీద వేలు జరుపుతూ, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. తర్వాత మైకులో పైకి చదివాడు. అవే లైన్లు. అమ్మమ్మ 'నాయనా' అన్నచోట పిన్నిగారు 'అయ్యా' అని రాసింది, అంతే తేడా. ఆ ఒక్క తేడాతో, ఇద్దరూ కూడబలుక్కున్నారన్న అనుమానం ఎవరికైనా ఉంటే అదీ పోయింది.

"ఎవరు నేర్పారు అమ్మమ్మా?" అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

"మా జేజమ్మ. ఆవిడ అన్న పాండిచ్చేరి పోయి ఓడెక్కాడంట. ఐదేళ్ళేనని ఏలిముద్ర ఏయించుకున్నారంట. ఎక్కడొచ్చాడు. ఎందుకే ఏడుస్తన్నావు?"

చప్పట్లు అలా మొదలై ఎంతసేపటికీ ఆగలేదు. పిన్నిగారు వేదిక పక్కన అలాగే నిలబడి ఉంది, స్టిక్కు పట్టుకునే ఎడమచెయ్యి గుండెమీద పెట్టుకుని. నేను వెళ్ళి కౌగిలించుకున్నాను. మూడేళ్ళ కిందట ఆవిడ తెలుగుని చూసి నవ్వినందుకు సిగ్గేసిందని అప్పుడే చెప్పాను. "అప్పుడే తెలుసులే" అంది.

ప్రొఫెసరు మింగలేక కక్కలేక నిలబడతాడనుకున్నాను. అలా చేయలేదు, ఆ సంగతీ చెప్పాలి. మైకు తీసుకుని అందరి ముందూ ఆవిడకి నమస్కారం పెట్టాడు. "ఇరవై మూడు పేజీల వ్యాకరణం రాశాను. చించేస్తాను" అన్నాడు.

"ఎందుకు చించేది? బాగానే రాసుండావు" అంది పిన్నిగారు. "మా ఇంటి మాటకి వ్యాకరణం ఎవురు రాసినారు ఇప్పటిదాకా? పేరు మాత్రం మార్చు."

అచ్చు రెండు నెలలు ఆగింది. అనుసరణ అన్న మాట ఎగిరిపోయింది. ప్రొఫెసరు కొత్త ముందుమాట రాశాడు. ఈ నవల వెనకున్న చరిత్ర ఈ రేవులోని కూలి ఓడలదనీ, దీని వెనకున్న సాహిత్యం వంటింట్లో ఆడవాళ్ళ పాటనీ, ఆ రెంటినీ రచయితకి అందించింది ఆయన కంపోజిటరేననీ. ప్రూఫులు చూడటానికి పిన్నిగారిని పిలిచారు. నేనూ వెళ్ళాను. కంప్యూటరు ముందు సుధ అనే అమ్మాయి కూర్చుని ఉంది. పిన్నిగారు ముందుమాట అంతా తలకిందులుగానే, బల్ల అవతల నిలబడి చదివేసింది. తన పేరు వచ్చినచోట ఆగలేదు. తిన్నగా నాలుగో అధ్యాయానికి పోయి, పాట దగ్గర వేలు పెట్టింది. రెండే లైన్లున్నాయి.

"మిగతా రెండు?"

"అవి పెడితే పేజీ పొంగుతుంది అమ్మా. వెనకాల పుస్తకం మొత్తం జరిగిపోతుంది. చోటు లేదు" అంది సుధ.

"చోటు లేదని నేనూ ఒకసారి తీసేసినా" అంది పిన్నిగారు. "పాటవి రెండూ పెట్టు. అంతగా చోటు కావాలంటే ఆ ముందుమాటలో నన్ను పొగిడినవి రెండు లైన్లు తీసెయ్."

సుధ ప్రొఫెసరుకి ఫోన్ చేసింది. ఆయన పక్క పేజీల్లో ఏం జరిగిపోయినా సరే, మొత్తం పుస్తకం పేజీలు మళ్ళీ పేర్చమన్నాడు. ముందుమాటలో ఒక్క అక్షరం పోలేదు, పాట నాలుగు లైన్లూ అచ్చయింది.